రఫ్ఫు పిన్ని పెట్టించిన సంతకం

ఆ వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా అందరికీ ఆమె రఫ్ఫు పిన్ని. కోటు మీద సిగరెట్టు రవ్వ పడి చిల్లి పడినా, కొత్త ప్యాంటు మేకుకు తగులుకుని చిరిగినా, ఖరీదైన శాలువాను ఎలుక కొరికినా, జనం ముందు కాసేపు నెత్తి కొట్టుకుని తర్వాత ఆమె ఇంటికి వెళ్ళేవారు. ఆమె ఆ బట్ట లోపలి మడతలోంచే నాలుగు దారాలు లాగి, సన్నటి సూదితో నేతలో నేత కలిపేసేది. పని అయ్యాక చిరుగు ఎక్కడుండేదో బట్ట తొడుక్కునేవాడికి కూడా గుర్తుపట్టడం చేతనయ్యేది కాదు.

ఈ పని ఆమెకు మేనత్త నేర్పింది. మేనత్త నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. సూది పట్టడం కన్నా ముందు ఆవిడ నేర్పింది ఒక మర్యాద. తెచ్చిన బట్టను చేతిలోకి తీసుకోవాలి, వెలుతురులో పట్టి చూడాలి, ఎప్పటికి కావాలో అడగాలి. ఎలా చిరిగిందని మాత్రం అడగకూడదు. "చిరుగులన్నీ చెప్పుకునేవి కావే. నువ్వు అడిగితే వాళ్ళు అబద్ధం ఆడాలి. అబద్ధం ఆడించిన మనిషి గుమ్మం మళ్ళీ ఎవరూ తొక్కరు," అనేది. పిన్ని ఆ మాట ఒంటబట్టించుకుంది. చొక్కా జేబు దగ్గర గోళ్ళతో రక్కిన గుర్తులున్నా, చీలిన చొక్కా చేతికి రక్తం మరకున్నా ఆమె నోరు తెరిచి ఎరగదు. అందుకే పని ఎంత ఆలస్యమైనా జనం ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఇల్లు పెద్దదేం కాదు. ముందు గది, వెనక గది, సందులాంటి వంటిల్లు, బట్టలారేసుకోవడానికి డాబా. కానీ ముందు గదికి ఉత్తరం వైపు గోడంత కిటికీ ఉంది. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉంటుంది. కన్ను చెదరకుండా పనిచేసుకోవచ్చు. కొనేటప్పుడు ఆమె మొగుడు కుళాయిలు తిప్పి చూశాడు, గోడలు తట్టి చూశాడు. ఆమె ఆ కిటికీ దగ్గర నిలబడి చేతిలోని జాకెట్టు ముక్కను అటూ ఇటూ తిప్పి, "ఇదే తీసుకుందామండీ," అంది. అంతే. బ్యాంకు అప్పుకు ఇద్దరూ కలిసే సంతకాలు పెట్టారు. ఇల్లూ ఇద్దరి పేరా రాయించుకున్నారు.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. గట్టి మనిషి, మాటకారి, నలుగురిని నవ్వించే రకం. పైకీ కిందికీ తిరిగే పని చేసేవాడికి జీవితమూ అలాగే తిరుగుతుందని అతనే హాస్యమాడేవాడు. ఒకరోజు పట్టు తప్పి లిఫ్టు గొయ్యిలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము పోయింది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చోగలడు. చేతికర్ర పట్టుకుని స్నానాలగది దాకా వెళ్ళి రాగలడు. కంపెనీవాళ్ళు పరిహారం ఇస్తామన్నారు, విచారణ జరుగుతోందన్నారు, తర్వాత ఫోనెత్తడం మానేశారు. అతను మాత్రం ఆశ వదల్లేదు. "ఇల్లంటూ ఒకటి ఉంది. ఆ పరిహారం కూడా వస్తే మనకేం భయం చెప్పు," అనేవాడు రోజూ టీ తాగుతూ. ఆ మాట వినగానే ఆమె గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఎందుకంటే ఇల్లు చేజారిపోతోందని అప్పటికే ఆమెకు తెలుసు. డబ్బు వ్యవహారాలన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. దాచుకున్నది ఆసుపత్రి తినేసింది. చవక బట్టలు వచ్చాక చిరిగినవి పారేసి కొత్తవి కొనుక్కునేవాళ్ళు ఎక్కువై, రఫ్ఫు పని పలచబడింది. వాయిదాలు ఒకటి తప్పింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత లెక్కపెట్టుకోవడానికే ఆమెకు ధైర్యం చాల్లేదు. చివరికి ఒక పొద్దున వీధి తలుపు పక్కన గోడ మీద బ్యాంకు నోటీసు అంటించి ఉంది. ఇల్లు వేలం వేస్తామని, ఫలానా తేదీలోపు బాకీ కట్టాలని. అదే నోటీసు పేపర్లోనూ వేశారు. ఆమె గోరువెచ్చని నీళ్ళూ పాత బ్లేడూ తెచ్చి, గోడకు సున్నం కూడా రాలకుండా ఆ కాగితాన్ని ఒలిచేసింది.

"ఏంటే ఆ గీకుడు?" అని లోపల్నుంచి మొగుడు కేకేశాడు.

"ఎవరో పోస్టరు అంటించి పోయారండీ. పనీపాటా లేదు జనానికి," అంది.

అప్పటి నుంచి ఆమెకు భయం పట్టుకుంది. వీధిలో స్కూటరు ఆగితే సూది వేలికి గుచ్చుకునేది. ఎదురింటి ముందు పెట్టె పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, "ఏంటి పిన్నీ, అలా ఉలిక్కిపడతారు, నేనేమన్నా దొంగనా?" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతున్నంతసేపూ అతని భుజం మీదుగా వీధి చివరికి చూస్తూనే ఉండేది.

అలాంటి రోజుల్లో వచ్చాడు అతను. నలభై ఏళ్ళుంటాయేమో. నెమ్మదైన గొంతు, గుమ్మం బయటే విడిచిన చెప్పులు, చేతిలో మడిచిన బూడిదరంగు కోటు. "అక్కా, రఫ్ఫు మీరే చేస్తారట కదా. దీని సంగతి కాస్త చూస్తారా," అన్నాడు.

ఆమె కోటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మోచేతి దగ్గర నాణెమంత చిల్లి. బట్ట అరిగి చిల్లి పడితే చుట్టూ దారాలు పలచబడి ఉంటాయి. చిరిగితే అంచులు పీచులు లేస్తాయి. పురుగు కొడితే పక్కన ఇంకా చిన్న చిన్న చిల్లులుంటాయి. ఈ చిల్లి అంచులు మాత్రం నున్నగా తెగి ఉన్నాయి. ఎవరో కత్తెరతో కత్తిరించిన చిల్లి అది. ఒక్క చూపులోనే ఆమెకు తెలిసిపోయింది. మంచి కోటును ఎవరైనా కావాలని ఎందుకు కత్తిరించుకుంటారు? ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళ అలవాటు. ఎప్పటికి కావాలని మాత్రం అడిగింది.

"తొందరేం లేదక్కా," అన్నాడతను. కాసేపు కిటికీనీ, గోడలనీ, గోడ మీద చెమ్మనీ చూశాడు. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "పేపర్లో నోటీసు చూశాను. మీరు కంగారుపడకండి. ఎందుకు కట్టలేకపోయారని నేను అడగను. అది మీ ఇంటి సంగతి. నేను ఇలాంటి ఇళ్ళు నిలబెట్టే పనిలోనే ఉన్నాను," అన్నాడు.

ఎందుకని అడగను అన్నాడు చూశారూ, ఆమె అక్కడ పడిపోయింది. తన పని మర్యాద ఇంకో మనిషి నోట విన్నట్టయింది ఆమెకు. బ్యాంకువాళ్ళు అడిగారు, ఆసుపత్రివాళ్ళు అడిగారు, అప్పు అడగబోతే సొంత అన్నయ్య గుచ్చి గుచ్చి అడిగి చివరికి లేదన్నాడు. అడగనివాడు ఇతనొక్కడే. కత్తెరతో కత్తిరించిన చిల్లిని చేతిలో పట్టుకునే ఆమె ఏడ్చేసింది. అతను పక్కకు తిరిగి, ఆమె ఏడుపు అయ్యేదాకా మర్యాదగా వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. అలా పక్కకు తిరగడం కూడా అతని వృత్తిలో భాగమేనని ఆమెకు చాలా తర్వాత అర్థమైంది.

అతను చెప్పిన ఉపాయం వినడానికి నీళ్ళంత తేలికగా ఉంది. ఇల్లు ఏడాదిపాటు అతని పేరుకు మారుస్తారు. ఊరికే, కాగితం మీద. పేరు మారితే పాత బాకీ అతను తీర్చేస్తాడు, వేలం ఆగిపోతుంది. వీళ్ళు ఇంట్లోనే ఉండొచ్చు. నెలనెలా అద్దెలా కొంత కడుతూ పోతే, ఏడాది తిరిగేసరికి ఇల్లు మళ్ళీ వీళ్ళ పేరు మీదికి వస్తుంది. షరతులు రెండే. బ్యాంకువాళ్ళతో ఒక్క మాట మాట్లాడకూడదు, వాళ్ళు పంపే ఉత్తరాలు విప్పకుండా అతనికిచ్చెయ్యాలి. "వాళ్ళు మాట్లాడించి మాట్లాడించి మీ చేతే తప్పు చెప్పిస్తారక్కా. మీరు అమాయకులు. నన్ను మాట్లాడనివ్వండి."

"మా ఆయన సంతకం కూడా కావాలేమో తమ్ముడూ. ఆయనకి ఈ సంగతేమీ తెలీదు."

"తెలియక్కర్లేదు," అన్నాడతను వెంటనే. "అసలే మంచంలో ఉన్నారు. ఇప్పుడు చెప్పి ఆయన గుండె ఆపుతారా? ఇల్లు నిలబడ్డాక మీరే నవ్వుతూ చెప్పుకోవచ్చు. ముద్ర వేసే నోటరీ మనిషిని ఇంటికే తీసుకొస్తాను. ఏం కాగితమని చెబుతారో మీరే ఆలోచించుకోండి. అందులో నేను తలదూర్చను."

ఆ చివరి మాటతో అతను చేతులు కడిగేసుకున్నాడు. అబద్ధం ఎంచుకునే పని ఆమెకు వదిలేశాడు. ఆమె ఎంచుకుంది. ఆ ఇంట్లో ఏ కాగితం మీద మొగుడు ఎగిరి గంతేసి సంతకం పెడతాడో ఆమెకు తెలుసు.

"కంపెనీవాళ్ళు పరిహారం కాగితాలు పంపారండీ. రేపు వస్తున్నారు," అని చెప్పింది ఆ సాయంత్రం.

అతని మొహం వెలిగిపోయింది. పడ్డ రోజు నుంచి అంత వెలుగు ఆమె ఆ మొహంలో చూడలేదు. "నేను చెప్పలేదూ, వస్తుందని. ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేయించవే. పెద్దమనుషులొస్తుంటే పడుకుని సంతకం పెడితే ఏం బావుంటుంది," అన్నాడు. ఎదురింటి ఇస్త్రీ అతని దగ్గర చొక్కా ఇస్త్రీ చేయించింది. మర్నాడు మొగుడికి తల దువ్వి, దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టింది. మెత్తటి గొంతు మనిషి, ముద్ర మనిషి వచ్చారు. ముద్ర మనిషి ఎవరి మొహమూ చూడలేదు. ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ ఆమె వేలు పెట్టి చూపించింది. మొగుడు ఒక్కో అక్షరం కుదురుగా, బడిపిల్లాడిలా నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాశాడు. కాగితాలు తీసుకుంటూ, "అన్నయ్యగారూ, త్వరగా కోలుకోవాలి మీరు," అన్నాడు ఆ మనిషి. అప్పటికే ఆమెకు లోపల ఎక్కడో తెలుసని నాకనిపిస్తుంది. కానీ తెలిసిందని ఒప్పుకుంటే మర్నాడు బతకడమెలా?

ఆ తర్వాత కొన్నాళ్ళు బ్యాంకు నుంచి ఫోన్లు వస్తే ఆమె ఎత్తలేదు, ఉత్తరాలు విప్పకుండా అతని చేతిలో పెట్టింది. ఆ పైన అవి రావడం ఆగిపోయింది. వేలం తేదీ వచ్చింది, వెళ్ళింది, ఎవరూ తలుపు తట్టలేదు. ఆమె నెలనెలా అద్దె డబ్బు కవరులో పెట్టి అతనికిచ్చేది. అతను లెక్కపెట్టుకోకుండా ఆమె రఫ్ఫు చేసిన ఆ కోటు జేబులో వేసుకునేవాడు. ఆ పద్ధతీ ఆమెకు నచ్చింది. మొదటి నెల కాస్త ఊపిరి పీల్చుకుంది. తర్వాతి నెలల్లో ఊపిరాడలేదు. రోజూ సాయంత్రం మొగుడు, "పరిహారం సంగతేమైందే?" అని అడిగేవాడు. "పైన సంతకాలు కావాలటండీ," అనేది. ఇంకో రోజు, "లెక్కలు చూస్తున్నారట," అనేది. ఒక అబద్ధం చిరిగితే దానికి ఇంకో అబద్ధంతో రఫ్ఫు చేసుకుంటూ పోయింది. ఆ పని మాత్రం ఆమెకు సరిగ్గా రాలేదు. మొగుడు అడగడం నెమ్మదిగా తగ్గించాడు. అతను అడక్కపోవడం ఆమెను ఇంకా భయపెట్టింది.

ఒకరోజు ఇస్త్రీ అతను బట్టల మూట ఇస్తూ, "పిన్నీ, ఆ బూడిదరంగు కోటాయన ఎవరు? మీ చుట్టమా? నిన్న వీధిలో నిలబడి మీ ఇంటికి ఫోటోలు తీసుకుంటున్నాడు," అన్నాడు.

"నీకెందుకురా అవన్నీ? నీ పెట్టె నువ్వు చూసుకో," అంది ఆమె. ఎప్పుడూ ఒక్క మాట తూలని మనిషి అలా కసిరేసరికి అతను బిక్కమొహం వేశాడు. ఆమె తలుపు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. సూదిలో దారం ఎక్కలేదు.

తర్వాత కొన్నాళ్ళకు మధ్యాహ్నం పూట తలుపు తట్టారు. చూస్తే ఒక పడుచు జంట. అమ్మాయి కడుపుతో ఉంది. వెనక టేపు పట్టుకుని ఇంకో మనిషి. "ఓనరుగారు చూసుకోమన్నారండీ. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తారని చెప్పారు. ఒక్క అయిదు నిమిషాలు," అంది ఆ అమ్మాయి, ఎంతో మొహమాటంగా. ఆమె అడ్డుపడేలోపే లోపలికొచ్చేశారు. టేపు మనిషి కిటికీ వెడల్పు కొలిచాడు. అమ్మాయి ఆ వెలుతురులో నిలబడి, "ఇక్కడ ఉయ్యాల వేద్దామా?" అని మొగుణ్ణి అడిగింది. చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళూ ఎక్కడో అప్పు చేసే కొంటూ ఉంటారు. రఫ్ఫు పిన్ని గోడకు ఆనుకుని నిలబడింది. అడుగుదామంటే ఏం అడగాలో తెలియలేదు.

"ఎవరే వచ్చింది?" అని వెనక గదిలోంచి మొగుడు.

"కొలతలు ఇవ్వడానికి వచ్చారండీ," అంది. వచ్చినవాళ్ళు ఆమె వంక చిత్రంగా చూశారు.

వాళ్ళు వెళ్ళగానే ఆ మనిషికి ఫోన్ చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. ఆ నంబరు వాడుకలో లేదని ఆడగొంతు చెప్పింది. ఒకసారి మాటల్లో అతను చెప్పిన ఆఫీసు చిరునామా గుర్తు తెచ్చుకుని, చెప్పులు ఎడమవీ కుడివీ చూసుకోకుండా వేసుకుని పరుగెత్తింది. అక్కడ సెల్‌ఫోన్లకు తొడుగులు అమ్మే కొట్టుంది. కొట్టువాడు తల ఊపి, "మీకు ముందు ఇంకా నలుగురొచ్చారమ్మా అతని కోసం," అన్నాడు. ఆ నలుగురు ఎవరో, వాళ్ళ ఇళ్ళు ఎక్కడో, వాళ్ళకు అతను ఏ బట్ట చింపి పట్టుకెళ్ళాడో. కోటు చిల్లి అప్పుడు కళ్ళముందు కదిలింది. ఫుట్‌పాత్ మీద కూలబడింది. ఆమె చేసిన తప్పు కంటి చూపు లేక కాదు. ఆమె అంతా చూసింది. చూసి అడగలేదు.

లేచి బ్యాంకుకు వెళ్ళింది. గుమాస్తా అమ్మాయి కంప్యూటరు చూసి, "మీ బాకీ ఎప్పుడో తీరిపోయిందండీ. ఇల్లు కూడా వేరే పేరుకు మారిపోయింది. అంతకు ముందు మీకు ఎన్నిసార్లు ఫోన్ చేశామో తెలుసా? ఇంట్లో జబ్బు చేసినవాళ్ళుంటే వాయిదాలు కొన్నాళ్ళు ఆపే వీలుంది. ఆ సంగతి చెబుదామనే చేశాం," అంది. పిన్ని కౌంటరు పట్టుకుంది. అప్పట్లో ఏ ఫోనుకు హడలిపోయి దిండు కింద కుక్కేసిందో, సాయం ఆ ఫోనులోనే ఉంది. గుమాస్తా అమ్మాయికే జాలేసి, డబ్బు తీసుకోని లాయరమ్మ ఒకావిడ ఎక్కడ కూర్చుంటుందో చెప్పింది.

లాయరమ్మ చిన్నది, చురుకైనది, ఎదుటివాళ్ళ కన్నీళ్ళకు టైమివ్వని మనిషి. అంతా విని, రికార్డులు తెప్పించి చూసి రెండు రోజులకు మళ్ళీ పిలిచింది. "ఇల్లు అతను ఇంకొకరికి అమ్ముతున్నాడు. అమ్మకం పూర్తయితే మన చేతిలో ఏమీ ఉండదు. ఆపాలంటే ఒకటే దారి ఉందమ్మా. మీ సంతకం మీరు తెలిసే పెట్టారు. దాని మీద పోట్లాడితే ఏళ్ళు పడుతుంది. మీ ఆయన సంతకం వేరు. ఏం కాగితమో తెలియకుండా మోసపుచ్చి పెట్టించారని ఆయన పోలీసులకు చెబితే, దాన్ని పట్టుకుని కోర్టులో వెంటనే ఆపించొచ్చు."

"చెబుతారండీ. ఆ మనిషి మోసం చేశాడని చెబుతారు."

"ఆ మనిషి మీ ఆయనతో అబద్ధం ఏం చెప్పాడు?"

ఆమె ఎంత వెతుక్కున్నా అతను ఒక్క అబద్ధం కూడా మొగుడితో చెప్పలేదు. త్వరగా కోలుకోమన్నాడు. అంతే.

"చెప్పింది నేను," అంది.

"అదే ఆయన చెప్పాలి. కాగితం ఎవరిచ్చారు, ఏమని చెప్పి ఇచ్చారు. ఉన్నదున్నట్టు."

"నామీద కేసవుతుందా?"

"అవ్వొచ్చు. కాకుండా చూడ్డానికి ప్రయత్నిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను."

ఇంటికి వచ్చేసరికి మొగుడు మంచం మీద కూర్చుని పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్లు విప్పి బాగుచేస్తున్నాడు. ఒడిలో చిన్న చిన్న మరలు. ఆమె కింద కూర్చుని, మంచం కోడు పట్టుకుని మొత్తం చెప్పింది. గోడ మీద నోటీసు దగ్గర్నుంచి ఉయ్యాల వేద్దామా అన్న అమ్మాయి దాకా. మధ్యలో అతను తిడతాడని ఎదురుచూసింది. తిడితే బావుండుననుకుంది. అతను ఒక్కో మరా ఏరి డబ్బాలో వేసుకుంటూ విన్నాడు. ఆఖర్న ఒకటే అడిగాడు.

"ఆ రోజు నా చొక్కా ఇస్త్రీ చేయించింది దీనికా?"

ఆమె తలవంచుకుంది. అతను డబ్బా మూత పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్ళిస్తే తాగాడు, లాయరమ్మ ఫోన్ చేస్తే చెవికి ఆనించుకుని విన్నాడు. రేపు స్టేషనుకు వెళ్ళాలండీ అంటే, "ఊఁ" అన్నాడు. అక్కడ ఏం చెబుతాడో ఆమెకు అంతుబట్టలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అతను నోరు విప్పకపోతే లోపల ఏముందో ఆమె ఎప్పుడూ తెలుసుకోవాల్సి రాలేదు. అతను ఎప్పుడూ మాట్లాడుతూనే ఉండేవాడు.

మర్నాడు ఇస్త్రీ అతనే టాక్సీ పిలుచుకొచ్చి, ఆయన్ని చంకల కింద చేతులు వేసి ఎక్కించాడు. నీ పెట్టె నువ్వు చూసుకో అన్న మాట మనసులో పెట్టుకున్నట్టు లేడు. దారి పొడుగునా మొగుడు కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. ఎత్తయిన భవనం కనిపిస్తే పై అంతస్తులకేసి తలెత్తి చూసేవాడు, లోపల లిఫ్టు ఎలా ఉందో అన్నట్టు. ఆమె అతని చేతిని తాకబోయి మానుకుంది. ఇల్లు పోతుందన్న భయం కన్నా పెద్ద భయం ఒకటి పక్క సీట్లో కూర్చుని ఉంది.

స్టేషనులో ఒక అధికారి బల్ల ముందు ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. లాయరమ్మ క్లుప్తంగా విషయం చెప్పింది. అధికారి కలం తీసి మొగుడివైపు తిరిగాడు. "చెప్పండి. ఆ కాగితం మీద సంతకం మీదేనా?"

"నాదే."

"ఏం కాగితమని పెట్టారు?"

అతను చేతికర్రను రెండు చేతులతో పట్టుకుని, దాని పిడి మీదే చూపు నిలిపాడు. "ఇల్లు మార్చే కాగితమని," అన్నాడు. "చదివే పెట్టాను. నాకన్నీ తెలుసు. మా ఆవిడకి ఇందులో ఏం సంబంధం లేదు."

లాయరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. అధికారి రాయబోయి ఆగి, లాయరమ్మ వంక చూశాడు. చదివే పెట్టానని ఆ కాగితం మీదికి ఎక్కితే ఇల్లు పోయినట్టే. అది అతనికీ తెలుసు. నిన్న లాయరమ్మ ఫోనులో అతనికి విడమరచి చెప్పింది. తెలిసే అంటున్నాడు. రాత్రంతా గోడవైపు తిరిగి అతను కూర్చుకున్నది ఈ మాటే. ఇల్లు ఇచ్చేసి పెళ్ళాన్ని దాచుకుందామనుకున్నాడు.

ఆమె ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకుంటే కేసు ఉండదు, ఎవరికీ ఏమీ తెలియదు, మొగుడు కూడా ఆ మాట మళ్ళీ ఎత్తడు. ఊరుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఏ అద్దె గదికో వెళ్ళి, అతను మంచం మీద, ఆమె ఏ వెలుతురూ లేని మూల, ఈ ఒక్క అబద్ధం ఇద్దరి మధ్యా పెట్టుకుని బతికేయొచ్చు.

"అబద్ధం," అంది ఆమె.

ముగ్గురూ ఆమె వంక చూశారు.

"ఆయన చదవలేదండీ. పరిహారం కాగితమని నేను చెప్పాను. సంతకం ఎక్కడ పెట్టాలో నేనే వేలు పెట్టి చూపించాను. తల దువ్వి కూర్చోబెట్టింది కూడా నేనే. ఆయన ఎంత సంతోషంగా పెట్టారో నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూ పెట్టించాను." మళ్ళీ అంది. "నేనే మోసం చేశాను. అలా రాయండి."

"ఏమండీ," అన్నాడు అధికారి మొగుడితో. "ఆవిడ చెప్పింది నిజమేనా? మీరు ఔనంటేనే నేను రాసేది."

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది, బయట ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆమెకు ఇల్లూ గుర్తు లేదు, కిటికీ గుర్తు లేదు, జైలూ గుర్తు లేదు. అతని పెదవుల వైపే చూస్తూ కూర్చుంది. ఔనంటే అతని నోటితోనే ఆమె దోషి. కాదంటే ఇల్లు లేదు. ఏదన్నా సరే, ఇక మీదట అతను ఆమెను ఏ కళ్ళతో చూస్తాడో ఇప్పుడే తెలిసిపోతుందని ఆమె భయం.

అతను తల ఎత్తాడు. ఆమె వంక కాదు, అధికారి వంక చూశాడు.

"నిజమే," అన్నాడు. "నేను చదవలేదు. ఆవిడ ఇచ్చిన కాగితం నేనెప్పుడూ చదివి ఎరగను."

అధికారి ఇద్దరి మాటలూ రాసుకున్నాడు. తర్వాత కాగితం అతని ముందుకు జరిపి, కింద సంతకం పెట్టమన్నాడు. అతను జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని ఉండగా, మొదటి అక్షరం నుంచి నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాడు.